సర్వర్ కొనాలా, క్లౌడ్ తీసుకోవాలా? నాచారంలో నేను నేర్చుకున్నది

పోస్టు కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం ఏటూరునాగారం వైపు నుంచి ఒక అన్న మన గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాడు. తేనె, ఇప్పపువ్వు లడ్డూలు, చింతపండు ప్యాక్ చేసి అమ్మే యూనిట్ పెడుతున్నారంట. ఆర్డర్లు, లెక్కలు, సభ్యుల వివరాలు అన్నీ కంప్యూటర్ల పెట్టాలంట. "ఒకాయన సొంత సర్వర్ కొనమంటుండు, ఇంకొకాయన మొత్తం క్లౌడ్‌లో పెట్టమంటుండు, ఏది మంచిది?" అని అడిగాడు. సగం మంది అటు అన్నారు, సగం మంది ఇటు అన్నారు. నేను అప్పుడు ఏమీ రాయలేదు. ఎందుకంటే ఇదే ప్రశ్న మీద నేను గట్టిగానే దెబ్బ తిన్నాను. అది ఒక్క లైన్లో చెప్పేది కాదు.

మాది ములుగు జిల్లా తాడ్వాయి మండలం. కోయ పిల్లగాణ్ణి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఉప్పల్ దగ్గర హాస్టల్లో ఉంటూ బీఎస్సీ కంప్యూటర్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. హనుమకొండ బస్సు దిగితే కనబడే ఉప్పల్ రింగు రోడ్డే నాకు హైదరాబాద్. హైటెక్ సిటీ ఇప్పటికి రెండుసార్లే చూశాను. కాలేజీ అయ్యాక నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న వర్క్‌షాపులో పార్ట్ టైం చేస్తాను. మందుల కంపెనీల యంత్రాలకు స్టీలు విడిభాగాలు చేసే చోటు. రెండు సీఎన్‌సీ మెషిన్లు, నాలుగు లేత్‌లు, పద్నాలుగు మంది మనుషులు. బిల్లులు ఎక్కించడం, చలాన్లు కొట్టడం, ప్రింటర్ మొరాయిస్తే చూడడం నా పని. నెలకు 6,000.

అక్కడ సర్వర్ అని పిలిచేది మెట్ల కింద ఉన్న ఒక పాత కంప్యూటర్‌ని. ట్యాలీ లెక్కలు, డ్రాయింగులు, సీఎన్‌సీ ప్రోగ్రాములు అన్నీ అందులోనే. దాని కింద నాలుగు ఇటుకలు ఉంటాయి. ఎందుకని మొదటి రోజు అడిగితే అకౌంట్స్ అక్క చెప్పింది. 2020 అక్టోబర్ 13న పడ్డ వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రామంతాపూర్, హబ్సిగూడ గల్లీలు మునిగాయి. ఆ రాత్రి వర్క్‌షాపులోకి మోకాలు లోతు నీళ్ళు వచ్చి కంప్యూటర్ మునిగింది. ఏప్రిల్ నుంచి అప్పటిదాకా ఉన్న బిల్లులన్నీ అక్క కాగితాలు చూసి మళ్ళీ ఎక్కించింది. నలభై రోజులు పట్టిందంట. కొన్ని డ్రాయింగులు ఇక దొరకనే లేదు. అంత జరిగాక తీసుకున్న జాగ్రత్త ఆ నాలుగు ఇటుకలు.

మొన్న జూన్‌లో ఆ కంప్యూటర్ ఒకే నెలలో మూడుసార్లు ఆగింది. సారు రెండు కొటేషన్లు తెప్పించారు. ఒకటి కొత్త సర్వర్‌ది, ఇంకొకటి క్లౌడ్‌ది. రెండూ నా ముందు పెట్టి, "ఏం తమ్మీ, నీది కంప్యూటర్ల చదువే గదా. ఏది తీసుకుందాం?" అన్నారు.

మా నాయిన ఎడ్లు కొనేటప్పుడు కూడా నన్ను అడగలేదు. లక్షల పని గురించి ఒక మనిషి నన్ను అడగడం అదే మొదలు. తెలియదు అని చెప్పడానికి మనసు ఒప్పలేదు. "రెండు వారాలు టైం ఇయ్యండి సార్" అన్నాను.

హాస్టల్లో రాత్రిపూట కూర్చుని చదివాను. అర్థమైనంత చెప్తాను. క్లౌడ్ అంటే వేరేవాళ్ళ కంప్యూటర్‌ని వాడుకున్నంత సేపటికి అద్దెకు తీసుకోవడం. అమెజాన్ 2006లో ఇట్లా అద్దెకివ్వడం మొదలుపెట్టింది, తర్వాత మైక్రోసాఫ్ట్, గూగుల్ వచ్చాయి. పేరు మేఘమే కానీ అది ఆకాశంలో లేదు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. మూడు వేర్వేరు జోన్లు, ఒకటి ఆగినా ఇంకొకటి నడిచేటట్టు. అంటే మన రంగారెడ్డి జిల్లా వైపు పెద్ద పెద్ద బిల్డింగులు, వాటి నిండా మిషన్లు, కరెంటు, కూలింగ్, సెక్యూరిటీ గార్డులు.

అద్దెలో మూడు రకాలు ఉన్నాయి. మొదటిది ఖాళీ గది: మిషన్ వాళ్ళది, లోపల ఏం పెట్టుకున్నా, ఎట్లా కాపాడుకున్నా మన బాధ్యత. రెండోది పొయ్యి, గిన్నెలతో సహా ఇచ్చే గది: మన ప్రోగ్రాం మాత్రం మనం రాసుకోవాలి. మూడోది మన హాస్టల్ లాంటిది: మంచం, మెస్ అన్నీ వాళ్ళవే, పోయి తినడమే, మెనూ మాత్రం మార్చలేం. మెయిలు, ఆన్‌లైన్ షీట్లు, రెడీమేడ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఈ మూడో రకం.

తర్వాత లెక్క వేశాను. సొంత సర్వర్ 1,45,000. యూపీఎస్, బ్యాటరీలు 35,000. మూడేళ్ళకు బ్యాటరీలు మార్చాలి, 18,000. రిపేర్ కాంట్రాక్టు ఏడాదికి 12,000. కరెంటు 200 వాట్లు, రాత్రింబవళ్ళు నడిస్తే ఏడాదికి 1,752 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 14,016. ఐదేళ్ళకు మొత్తం 3,28,080. నెలకు వేసుకుంటే 5,468.

క్లౌడ్ మిషన్ అద్దె నెలకు 9,000, డిస్కు 1,000, జీఎస్టీ కలిపి 11,800. చూడగానే సర్వరే నయం అనిపిస్తుంది. కానీ ఆ 9,000 రూపాయలు 720 గంటలకు. ఆఫీసు నడిచేది నెలకు 26 రోజులు, రోజుకు పది గంటలు, అంటే 260 గంటలు. మిగతా టైం మిషన్ ఆపేస్తే అద్దె 3,250కి దిగుతుంది. డిస్కు, జీఎస్టీ కలిపి 5,015. ఇప్పుడు క్లౌడే చవక! ఈ లెక్క దొరికిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా అంత తెలివిగలోడు నాచారంలో లేడు అనుకున్నాను.

సారుకు చూపిస్తే మెచ్చుకుని, ముందు ట్రయల్ చేయమని తన కార్డు ఇచ్చారు. సెప్టెంబర్‌లో ఒక మిషన్ తీసుకుని ట్యాలీ పెట్టి చూశాను. బాగానే నడిచింది. కిటికీ మూసేసి దసరాకు ఊరికి పోయాను. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే ఇప్పటికీ గుట్ట దిక్కు నడవాలి. పద్దెనిమిది రోజుల తర్వాత వచ్చి చూస్తే 7,080 రూపాయల బిల్లు.

జరిగింది ఏమిటంటే, స్క్రీన్ మీద కిటికీ మూస్తే మన కనెక్షన్ మాత్రమే తెగుతుంది. అవతల మిషన్ నడుస్తూనే ఉంటుంది. పనిగట్టుకుని ఆపితేనే ఆగుతుంది. నల్లా కట్టకుండా తలుపేసుకుని ఊరికి పోయినట్టు. రాత్రి ఆపేస్తే చవక అని లెక్క వేసింది నేనే, ఆపకుండా పోయింది నేనే.

నా జీతం కంటే 1,080 ఎక్కువ. రెండు రోజులు పనికి పోలేదు. జ్వరం అని మెసేజ్ పెట్టాను. ఇంక అటు పోకుండా మానేద్దామని కూడా అనుకున్నాను. అంతకుముందు లెక్కలు చూడడానికి వచ్చే ఒకాయన నా ముందే సారుతో, "ఈ పిల్లలకు ఇవేం తెలుస్తయి సార్, ఊరికే పైసలు పోతయి" అన్నాడు. 'ఈ పిల్లలు' అంటే ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాట నిజం చేశానే అన్న బాధ బిల్లు కంటే ఎక్కువ కోసింది. మానేస్తే ఆ మాటకు ముద్ర వేసినట్టే అవుతుందని మూడో రోజు పోయి చెప్పాను.

సారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నెలకు వెయ్యి చొప్పున మూడు నెలలు కోస్త. మిగిలింది నా ఫీజు అనుకుంట" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. 2020లో వానకు ముందు కంప్యూటర్ రిపేర్ చేసే అతను బ్యాకప్ డిస్కు కొనమన్నాడంట. 4,500 ఎందుకు దండుగ అని తనే వద్దన్నారంట. ఆ సంగతి అక్కకు ఇప్పటిదాకా చెప్పలేదు. అక్క పక్క టేబుల్ మీదే ఉంది. తల ఎత్తకుండా, "నాకు తెలుసు లెండి సార్" అంది.

అప్పుడు ముగ్గురం కూర్చుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి క్లౌడా, సర్వరా అని మొదలుపెట్టలేదు. ఒక తెల్ల కాగితం మీద ఉన్నవన్నీ రాసి, ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేశాం. ఇది పోతే ఏమైతది? ఇది లేకుండా ఎంతసేపు ఉండగలం? దీని తాళం ఎవరి దగ్గర ఉంది?

సీఎన్‌సీ ప్రోగ్రాములు పది నిమిషాలు అందకపోయినా మెషిన్ ఆగుతుంది. అవి దూరంగా ఉంటే, ఎక్కడో రోడ్డు తవ్వి కేబుల్ తెగిన రోజు మనుషులు ఊరికే కూర్చోవాలి. కాబట్టి అవి షాపులోనే ఉండాలి. ట్యాలీ వాడేది ఇద్దరే, ఇద్దరూ ఒకే గదిలో. ఒక రోజు ఆగినా కొంప మునగదు, కానీ లెక్కలు పోతే మునుగుతుంది. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. పైగా వీళ్ళది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2022 ఆగస్టులో మారిన రూలు ప్రకారం కంప్యూటర్ లెక్కల బ్యాకప్ రోజూ మన దేశంలోనే ఉన్న సర్వర్‌లో పడాలి. మెయిలు, కస్టమర్ల ఆర్డర్ షీటు సారు బయట తిరుగుతూ కూడా చూడాలి. వాటికి మూడో రకం, రెడీమేడ్ సర్వీసు చాలు.

కాగితం నిండాక అర్థమైంది. ఆ షాపుకు 1,45,000 సర్వర్ అక్కర్లేదు. నెలకు 5,015 క్లౌడ్ మిషన్ కూడా అక్కర్లేదు. ఇద్దరూ తమ దగ్గర ఉన్నది అమ్మజూపారు, నేనేమో ఆ రెండింటి మధ్యే లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. మాకు కావాల్సింది అద్దె మిషన్ కాదు, అద్దె బీరువా.

చివరికి ఒక మంచి ఆఫీసు కంప్యూటర్, రెండు డిస్కుల స్టోరేజీ పెట్టె, చిన్న యూపీఎస్ కొన్నాం. అన్నీ కలిపి 80,000. మెట్ల కింద కాదు, పై అంతస్తులో పెట్టాం. రోజూ రాత్రి 8 గంటలకు ట్యాలీ డేటా, డ్రాయింగులు, ప్రోగ్రాములు తాళం వేసిన రూపంలో క్లౌడ్ స్టోరేజీకి, హైదరాబాద్ రీజియన్‌కే పోతాయి. అక్కడ పడిన కాపీని 30 రోజులు ఎవరూ చెరపలేకుండా పెట్టాం, ఎందుకంటే వైరస్ వచ్చి షాపులోని ఫైళ్ళు పాడుచేసినా అవి మిగలాలి. దీనికి నెలకు 500 లోపే. బిల్లు హెచ్చరికలు సారు ఫోన్‌కూ, నా ఫోన్‌కూ పెట్టాను. హెచ్చరిక మెసేజ్ మాత్రమే పంపుతుంది, మిషన్‌ని అదే ఆపదు. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి బయట. కంప్యూటర్ వాళ్ళు దీన్ని 3-2-1 రూలు అంటారు. చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మాది తడికల ఇల్లు ఉన్నప్పుడు అమ్మ విత్తనాలన్నీ ఇంట్లో పెట్టేది కాదు. సగం మా ఇంట్లో ఉట్టి మీద, సగం ఊరి అవతల పిన్ని వాళ్ళింట్లో. ఎండాకాలం నిప్పు అంటుకుంటే తిండిగింజలు పోయినా విత్తనం మిగలాలని. అమ్మ బడికి పోలేదు.

ప్రపంచంలో పెద్దవాళ్ళు కూడా ఇక్కడే దెబ్బ తిన్నారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. బయట కాపీ పెట్టుకోని కస్టమర్ల డేటా పోయింది. సొంతదైతే క్షేమమా అంటే, 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలో ప్రభుత్వ డేటా సెంటరే తగలబడి, ఉద్యోగుల ఫైళ్ళు 858 టెరాబైట్లు పోయాయి. వాటికి వేరే కాపీ లేదు. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్ వాడుకుంటున్న ప్రైవేట్ క్లౌడ్ గూగుల్ క్లౌడ్ వైపు పొరపాటు వల్ల చెరిగిపోయింది. కానీ వాళ్ళు ఇంకో కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ దాచుకున్నారు, తిరిగి లేవడానికి అది పనికొచ్చింది. క్లౌడ్ వాడినవాళ్ళూ మునిగారు, సొంతంగా పెట్టుకున్నవాళ్ళూ మునిగారు. విత్తనం పిన్ని వాళ్ళింట్లో పెట్టినవాళ్ళు బతికారు.

తాళం సంగతి కూడా చెప్పాలి. మా తాత అప్పు లెక్క షావుకారి పుస్తకంలోనే ఉండేది. ఇంట్లో ఎవరికీ చదువు రాదు. ఎన్ని ఇప్ప బస్తాలు పోసినా పుస్తకంలో అప్పు అట్లనే ఉండేదని అవ్వ చెప్తుంది. క్లౌడ్ కొటేషన్ ఇచ్చిన వ్యక్తి "ఖాతా మా పేరు మీద తెరుస్తాం, మీకేం తలనొప్పి ఉండదు" అన్నప్పుడు నాకు ఆ పుస్తకమే గుర్తొచ్చింది. రేపు గొడవైతే మన లెక్కలు వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి. అందుకని ఖాతా కంపెనీ మెయిలు మీద, సారు ఫోను మీద తెరిచాం. వెబ్‌సైట్ పేరు కూడా కంపెనీ పేరు మీదే. నెలకోసారి డేటా మామూలు ఫైళ్ళుగా బయటికి దించుకోవచ్చా, దించితే చార్జీ ఎంత అని ముందే అడిగాం.

అయిపోయింది అనుకున్నాం. కాలేదు. నవంబర్‌లో ఒక శనివారం సారు, "నిజంగ పోతే వస్తదా? తీసి చూపియ్" అన్నారు. వేరే ల్యాప్‌టాప్‌లోకి బ్యాకప్ దించాను. పాత సంవత్సరాల లెక్కలన్నీ వచ్చాయి. ఈ సంవత్సరానివి లేవు! అక్క ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరానికి డేటా విడగొట్టింది, అది వేరే ఫోల్డర్‌లో ఉంది. నేను పాత ఫోల్డర్‌నే చూపించాను. రోజూ పచ్చ టిక్కు పడుతూనే ఉంది, అసలైనది మాత్రం బీరువాలోకి పోవడం లేదు. ఆ రోజు తీసి చూడకపోతే మార్చి దాకా తెలిసేది కాదు. అప్పటి నుంచి నెలలో మొదటి శనివారం బ్యాకప్ తీసి చూడడం పనిలో భాగం అయింది.

ఆ పని ఇప్పుడు నేను చెయ్యడం లేదు, అక్క చేస్తుంది. జూన్‌లో క్లౌడ్ అన్న మాట వినగానే అక్క ముఖం మాడిపోయింది. కంప్యూటరే అన్నీ చేస్తే తన ఉద్యోగం పోతుందని భయపడింది. మార్చి తర్వాత నా చదువు అయిపోతుంది, నేను ఎక్కడుంటానో తెలియదు. నాకొక్కడికే తెలిసిన ఏర్పాటు షాపుకు మళ్ళీ ఇటుకల మీద కంప్యూటర్ లాంటిదే. అందుకే రెండు పేజీలు తెలుగులో రాసి అక్క డ్రాయర్‌లో పెట్టాను. ఎక్కడ నొక్కాలి, ఏం రావాలి, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. డిసెంబర్‌లో అక్క ఒక్కతే అరగంటలో మొత్తం తీసి, చివరి బిల్లు నంబరు నాకు చదివి వినిపించింది. ఆ రోజు నాకు వచ్చిన సంతోషం ఆ 5,015 లెక్క దొరికిన రోజు కూడా రాలేదు.

ఇక ఏటూరునాగారం అన్నకు నా జవాబు. అన్నా, ముందు కాగితం తీసి ఆ మూడు ప్రశ్నలు వెయ్యి. నీకు నాకు తోచింది ఇది:

1. ఇప్పుడే సర్వర్ కొనకు. మొదటి ఏడాది ఆర్డర్లు, స్టాకు రెడీమేడ్ సర్వీసులో నడిచిపోతాయి.

2. మన దగ్గర నెట్ రోజంతా ఉండదు. నెట్ లేకపోయినా తూకం, బిల్లు రాసుకుని, వచ్చాక పైకి పంపే సాఫ్ట్‌వేరే తీసుకో. కొనే ముందు నెట్ ఆపి పరీక్షించు.

3. క్లౌడ్ మిషన్ నీకు నిజంగా పనికొచ్చేది మేడారం జాతర అప్పుడు. ఆ నాలుగు రోజుల జనం కోసం ఎవరూ పక్కా ఇల్లు కట్టరు, గుడారం వేసి తీసేస్తారు. ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగే రోజులకు మిషన్లు అద్దెకు తీసుకో, అయిపోగానే ఆపెయ్. నాలాగా మర్చిపోకు.

4. సభ్యుల ఆధార్, బ్యాంకు నంబర్ల ఫొటోలు వాట్సాప్‌లో తిప్పకండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అవి మన అమ్మల, అక్కల వివరాలు. అవసరమైనవే తీసుకో, తాళం వేసి పెట్టు.

5. ఖాతా సంఘం పేరు మీద ఉండాలి. ఒక్క మనిషి ఫోను మీద కాదు. కనీసం ఇద్దరికి, అందులో ఒకరు ఊళ్ళోనే ఉండే అక్కకు, బ్యాకప్ తీయడం రావాలి.

చివరిగా గ్రూపు పెద్దలకు ఒక మాట. మన సంఘం సభ్యుల లిస్టు, స్కాలర్‌షిప్ అర్జీల కాపీలు అన్నీ ఇప్పుడు ఒక్క సీనియర్ అన్న ఫోన్లోనే ఉన్నాయి. ఆ అన్న ఫోను బస్సులో పోతే మన పరిస్థితి ఏంది? వచ్చే ఆదివారం మీటింగులో అరగంట ఇస్తే, ఆ కాగితం మన సంఘానికి కూడా రాద్దాం. ఉప్పల్‌లో ఎక్కడ పెట్టినా నేను వస్తాను.

రాసినదాంట్లో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. నాకు కోసిన మూడు వేలలో ఆఖరి వెయ్యి ఈ నెలతో తీరిపోయింది.

జోహార్.